అక్షరాలు తిప్పి రాసే పిల్లలు: డిస్లెక్సియా అని భయపడే ముందు చూడవలసినవి, చేయవలసినవి

ఒంగోలు గిత్త తూర్పుకు తిరిగి నిలబడినా పడమటికి తిరిగి నిలబడినా గిత్తే. ఇత్తడి చెంబును ఎటు తిప్పి పెట్టినా చెంబే. పుట్టినప్పటి నుంచి అయిదేళ్ల పాటు పిల్లల మెదడుకు అలవడిన పాఠం ఇది: వస్తువు ఎటు తిరిగినా దాని పేరు మారదు. ఆ పాఠం బాగా వంటబట్టిన తర్వాత మనం వాళ్లను బడిలో చేర్చి, నిలువు గీతకు కుడివైపున సున్న చుడితే ‘బీ’ అనీ, అదే సున్న ఎడమవైపుకు వెళితే ‘డీ’ అనీ చెబుతాము. ముఖం తిప్పినంత మాత్రాన పేరు మారిపోయే వస్తువు ఆ బిడ్డకు జీవితంలో మొదటిసారి ఎదురయ్యేది అక్షరాల దగ్గరే. కాబట్టి తిప్పి రాయడం మెదడులో లోపానికి గుర్తు కాదు. అంతవరకు బాగా పనికివచ్చిన ఒక అలవాటును పిల్లలు ఇంకా మానుకోలేదని మాత్రమే దాని అర్థం.

నెల్లూరు జిల్లాలో చిన్న తరగతులకు చదువు చెప్పే నన్ను తల్లిదండ్రులు ఏటా రెండు మూడు నెలలు గడవగానే అడిగే ప్రశ్న ఒకటే: “మా వాడు 3ను తిప్పి రాస్తున్నాడు, డిస్లెక్సియానా?” తెలివితేటలు ఉన్నా చదవడం, రాయడం సులభంగా పట్టుబడని ఇబ్బందినే డిస్లెక్సియా అంటారు. ఈ భయానికి పాత చరిత్ర ఉంది. 1925లో శామ్యూల్ ఆర్టన్ అనే అమెరికన్ వైద్యుడు, చదువు రాని పిల్లల మెదడులో అక్షరాల ప్రతిబింబాలు ఒకదానితో ఒకటి పోటీపడడమే వారి ఇబ్బందికి కారణమని ప్రతిపాదించారు. 1970వ దశకంలో ఫ్రాంక్ వెల్యుటినో, ఆయన సహచరులు చేసిన ప్రయోగాలు ఆ అభిప్రాయాన్ని బలహీనపరిచాయి. చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకు ఎన్నడూ చూడని హీబ్రూ అక్షరాలను చూపించి, తర్వాత జ్ఞాపకం నుంచి రాయమంటే, వాళ్లు మిగిలిన పిల్లలతో సమానంగానే రాశారు. వాళ్ల కంటికి అక్షరం సరిగానే కనబడుతున్నది. ఆ అక్షరానికీ నోటితో పలికే శబ్దానికీ ముడి పడడం దగ్గరే చిక్కు. డిస్లెక్సియాలో ఎక్కువ మందికి అసలు ఇబ్బంది మాటలోని శబ్దాలను విడదీయడంలో, కలపడంలో ఉంటుందని నేడు నిపుణులు విస్తృతంగా అంగీకరిస్తున్నారు. అందుచేత ఈ మార్గదర్శి అంతటా నేను మిమ్మల్ని అడిగేది ఒకటే: అక్షరం ఎటు తిరిగిందో కొంచెం చూడండి, ఆ అక్షరం బిడ్డ నోట పలుకుతున్నదో లేదో ఎక్కువగా చూడండి.

మొదటి అడుగు: వయసు లెక్క వేయండి

ఏడేళ్లు నిండేవరకు, అంటే ఇంచుమించు రెండో తరగతి పూర్తయ్యేవరకు, అక్షరాలనూ అంకెలనూ అప్పుడప్పుడు తిప్పి రాయడం సాధారణం. కొందరు పిల్లలు తమ పేరు మొత్తాన్నీ అద్దంలో చూస్తే తప్ప చదవలేనట్లు కుడి నుంచి ఎడమకు రాసి చూపిస్తారు. అదీ ఆ వయసులో వింత కాదు. మూడున్నరేళ్లకే ఎల్‌కేజీలో నాలుగు గీతల కాపీ పుస్తకం నింపించే మన ఊళ్లలో ఈ లెక్క తప్పుతుంది. రెండేళ్లుగా రాస్తున్నాడు కదా, ఇంకా రాలేదేమిటని తల్లి కంగారుపడుతుంది. బిడ్డకు మాత్రం ఇంకా అయిదున్నరేళ్లే. బడిలో చేరిన సంవత్సరాలను కాకుండా పుట్టినరోజును లెక్కలోకి తీసుకోండి.

ఏయే గుర్తులు తిరగబడుతున్నాయో కూడా గమనించదగ్గదే. ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో బీ, ఈ, ఎఫ్, కే వంటివి చాలావరకు కుడివైపు చూస్తాయి. పిల్లలు ఎవరూ చెప్పకుండానే ఆ పోలికను పట్టుకుని, ఎడమవైపు చూసే జే, జెడ్ అక్షరాలనూ, నోరు ఎడమవైపు తెరిచే 3, 7, 9 అంకెలనూ కూడా కుడికి తిప్పేస్తారు. ఇది ఒక నియమాన్ని గ్రహించిన బుర్ర చేసే తప్పు. అయితే నియమం ఎంత బాగా దొరికినా ఏడేళ్లు దాటి ఎనిమిదో ఏడు నడుస్తున్నప్పుడు కూడా తరచుగా తిప్పి రాస్తుంటే, కింది అడుగులను వాయిదా వేయకుండా మొదలుపెట్టాలి.

తెలుగు అక్షరాల సంగతి వేరు. బీ, డీల వంటి అద్దపు జంటల బాధ మన వర్ణమాలలో దాదాపుగా లేదు. తెలుగులో పిల్లలు తడబడేది చిన్న చిన్న తేడాల దగ్గర: ప, వ, ష, ఫ, ఘ ఒక గుంపు, మ, య ఒక జంట, న, స మరొక జంట, డ, ద ఇంకొకటి. తలకట్టు మరచిపోవడం, కొమ్ముకూ కొమ్ము దీర్ఘానికీ తేడా చూపకపోవడం, ఒత్తును వదిలేసి ‘అమ్మ’ను ‘అమ’ అని రాయడం మొదటి రెండు తరగతుల్లో మామూలే. గుణింతాలూ ఒత్తులూ కలిసిన మన లిపి పూర్తిగా చేతికి రావడానికి నాలుగైదు తరగతుల కాలం పడుతుంది.

రెండో అడుగు: రెండు వారాల పాటు రాసి పెట్టుకోండి

“ఎప్పుడూ తిప్పి రాస్తాడు” అనే మాట వైద్యుడికీ పనికిరాదు, ఉపాధ్యాయుడికీ పనికిరాదు. ఒక పాత నోటు పుస్తకం తీసుకుని, రోజూ తేదీ వేసి, ఏ అక్షరం తిరగబడిందో, అది చూచిరాతలోనా, ఉక్తలేఖనంలోనా, సొంతంగా రాసినప్పుడా అన్నది రాయండి. ఈ మూడింటినీ విడదీయడంలోనే సగం జవాబు దొరుకుతుంది. ఎదురుగా ఉన్న అక్షరాన్ని చూసి రాసేటప్పుడు కూడా ఆకారం చెడిపోతుంటే చూపునూ, చేతి వేళ్ల పట్టునూ, శ్రద్ధనూ పరిశీలించవలసి ఉంటుంది. చూచిరాత చక్కగా ఉండి, సొంతంగా రాసినప్పుడు అప్పుడప్పుడు బీ, డీ తారుమారు అవుతుంటే అది ఇంకా స్థిరపడని జ్ఞాపకం. చిన్న వయసులో ఎక్కువగా కనిపించేది ఇదే. చూచిరాత ముత్యాల్లా ఉండి ఉక్తలేఖనం మొత్తం కుప్పకూలుతుంటే, ‘పలక’ను ‘పకల’ అనీ, ‘మేక’ను ‘మెకా’ అనీ రాస్తుంటే, అక్షరం తిరగబడినా తిరగబడకపోయినా శబ్దాల వైపు చూడండి.

చేతిరాత అందంగా ఉన్న పిల్లలే ఎక్కువగా మన కన్ను కప్పుతారు. మూడో తరగతి వరకు నోటు పుస్తకాల్లో అన్నీ మంచి మార్కులే తెచ్చుకుని, తెలియని పేరాగ్రాఫు ఒకటి చదవమనగానే నోరు మెదపలేని పిల్లలను నేను చూశాను. బోర్డు మీది బొమ్మను గీసినట్లే వాళ్లు అక్షరాలనూ గీస్తూ వచ్చారు.

మూడో అడుగు: కళ్లు, చెవులు

ఇక్కడ ఎక్కువ చెప్పనక్కరలేదు గాని ఈ అడుగును దాటవేయకూడదు. కళ్ల వైద్యుడి చేత చూపు పరీక్ష చేయించండి. తరచుగా జలుబు చేసి చెవి కారే పిల్లలకు వినికిడి పరీక్ష తప్పనిసరి. చెవిలో నీరు నిలిచి నెలల తరబడి మాటలు మందంగా వినిపించిన బిడ్డ ‘ప’కూ ‘బ’కూ తేడా పట్టలేకపోతే అందులో ఆశ్చర్యం లేదు. చూపు లోపం ఉంటే కళ్లజోడు ఆ లోపాన్ని సరిచేస్తుంది, డిస్లెక్సియాను కాదు. రంగు అద్దాలు, కంటి వ్యాయామాలు, మెదడు టానిక్కులు డిస్లెక్సియాకు చికిత్స అని ఎవరు చెప్పినా డబ్బు తీయకండి.

నాలుగో అడుగు: కలం, కాగితం లేకుండా శబ్దాల పరీక్ష

ఇది ఈ మార్గదర్శిలో అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు, ఖర్చు లేనిది కూడా. అన్నం తినేటప్పుడో, బస్సులో వెళ్లేటప్పుడో ఆటలాగా సాగించండి. పరీక్ష అని బిడ్డకు తెలియకూడదు.

మొదట మాటను ముక్కలు చేయించండి. ‘నెల్లూరు’కు ఎన్ని చప్పట్లు? నె, ల్లూ, రు, మూడు. ‘ఒంగోలు’కు ఎన్ని? యూకేజీ పిల్లలు కూడా ఇది చేయగలరు. తర్వాత ప్రాస: పిల్లి, బల్లి, తల్లి, వీటికి జతగా మరొకటి చెప్పమనండి. ఆ తర్వాత తీసివేత: ‘పలక’లో ‘ప’ తీసేస్తే ఏం మిగులుతుంది? ‘చిలుక’లో ‘చి’ తీసేస్తే? చివరగా మార్పిడి: ‘బడి’లో ‘బ’ బదులు ‘గు’ పెడితే? ‘గుడి’ అని వెంటనే అంటే సంతోషించండి. ఆరేళ్ల వాడు తీసివేతలో తడబడితే ఫరవాలేదు. ఏడున్నరేళ్ల వాడు చప్పట్ల దగ్గరే తడబడుతుంటే ఆ సంగతిని నోటు పుస్తకంలో రాయండి.

తర్వాతిది గుణింతం. మన పిల్లలు క, కా, కి, కీ అని పాటలా గడగడా అప్పజెబుతారు, అది విని మనం సంబరపడతాము. ఆ పాటను మధ్యలో ఆపి “మకు కొమ్మిస్తే ఏమవుతుంది? టకు ఏత్వమిస్తే?” అని వరస తప్పించి అడగండి. అక్షరంలో ఉన్న హల్లునూ అచ్చునూ విడదీసి వినగలిగిన బిడ్డ మాత్రమే దీనికి జవాబు చెప్పగలడు. ఇంగ్లీషు బడుల్లో ఫోనిక్స్ పేరుతో డబ్బు కట్టించుకుని నేర్పే శబ్ద విభజనను మన గుణింతం అర్థం తెలిసి నేర్పితే ఉచితంగా నేర్పుతుంది. అర్థం తెలియకుండా వల్లె వేయిస్తే ఏమీ నేర్పదు.

చివరిది చదివించడం. బిడ్డ వాచకంలోని పాఠాన్ని నిజంగా చదువుతున్నాడా, విని బట్టీపట్టి చెబుతున్నాడా అన్నది తేల్చుకోవడానికి, పాఠం చివరి వాక్యం నుంచి వెనక్కి ఒక్కొక్క మాట మీద వేలు పెట్టి చదివించండి. ఏకసంథాగ్రాహులైన పిల్లలు ఇక్కడే దొరికిపోతారు. ఆ తర్వాత అర్థం లేని మాటలు నాలుగు రాసి చూపండి: టిమగు, లోబితె, గాడుమి, నెపాసు. ఇవి ఎక్కడా విని ఉండరు కాబట్టి అక్షరం నుంచి శబ్దాన్ని కూడగట్టుకోక తప్పదు. రెండో తరగతి పూర్తి చేసిన బిడ్డ ఈ సరళమైన మాటలను నెమ్మదిగానైనా చదవగలగాలి.

ఈ ఆటలన్నీ సాఫీగా సాగి, బీ, డీలు మాత్రమే తారుమారు అవుతుంటే, మీరు అయిదో అడుగు దగ్గరే ఆగిపోవచ్చు.

అయిదో అడుగు: తిరగబడిన అక్షరాన్ని సరిచేయడం

వందసార్లు రాయించే శిక్ష వద్దు. తప్పుగా రాసిన అక్షరాన్నే ఇంపొజిషన్‌గా వందసార్లు రాస్తే చేతికి అలవాటయ్యేది ఆ తప్పే. రోజుకు పది నిమిషాలు చాలు.

బీ, డీలను ఒకే రోజు పక్కపక్కన పెట్టి తేడా చూపించడం మనం చేసే మొదటి పొరపాటు. బీ ఒక్కటే తీసుకోండి. అది రాతలోనూ చదువులోనూ తడబాటు లేకుండా స్థిరపడే వరకు, రెండు మూడు వారాలు పట్టినా సరే, డీ జోలికి వెళ్లకండి. ఆకారం కన్నా చేతి కదలికను నేర్పండి: చిన్న బీకి ముందు బ్యాటు, తర్వాత బంతి, అంటే పైనుంచి కిందికి గీత గీసి ఆ తర్వాత గుండ్రం చుట్టాలి. చిన్న డీకి ముందు సీ అక్షరం రాసి ఆ తర్వాత గీత లేపాలి. రెండింటి మొదలూ వేరయితే చెయ్యి పొరపడదు. రాస్తున్నంతసేపూ ఆ అక్షరం శబ్దాన్ని పైకి పలికించండి.

కుడి, ఎడమల గుర్తుకు వెతుక్కోనక్కరలేదు. అన్నం తినే చెయ్యి ఏదో మన పిల్లలకు మూడేళ్లకే తెలుసు. “3 పొట్టలు అన్నం తినే చేతివైపు ఉంటాయి” అంటే చాలు. ఎడమచేతితో రాసే బిడ్డకు కూడా అన్నం తినే చెయ్యి కుడిదే అని మన ఇళ్లలో నేర్పుతారు కాబట్టి ఈ గుర్తు వాళ్లకూ పనికివస్తుంది. అన్నట్టు, ఎడమచేతివాటం డిస్లెక్సియాకు కారణం కాదు. బలవంతంగా చెయ్యి మార్పించకండి.

రాయడానికి నోటు పుస్తకం కన్నా పలక మేలు. మార్కాపురం పలక, బలపం ఉన్న ఇంట్లో తప్పు చెరిపివేస్తే జాడ ఉండదు, ఎర్రసిరా గుర్తు ఉండదు. అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి వేలితో రాయించిన పద్ధతిని ఒక్కరోజుతో ఎందుకు మానేశామో నాకు అర్థం కాదు. బియ్యంలోనో, ఇసుకలోనో పెద్దదిగా, భుజం నుంచి చెయ్యి కదిలేలా రాయించి, తర్వాత పలక మీదికి, ఆ తర్వాత కాగితం మీదికి రండి. రాయడం మొదలుపెట్టవలసిన చోట ఒక చుక్క పెట్టి ఇవ్వండి. తప్పు రాసినప్పుడు “మళ్లీ తిప్పావా” అనకుండా “రాసింది చదివి వినిపించు” అనండి. చాలాసార్లు వాళ్లే దిద్దుకుంటారు. తప్పును తానే పట్టుకోగలిగిన బిడ్డ గురించి భయపడవలసింది తక్కువ.

ఆరో అడుగు: ఇంగ్లీషులోనా, తెలుగులోనా, రెండింటిలోనా?

ఇంట్లో తెలుగు తప్ప మరొక మాట వినని పిల్లలు ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతున్న కాలం ఇది. ఇంగ్లీషు చదవలేకపోవడం ఒక్కటే ఉండి, తెలుగులో వయసుకు తగినట్లు చదువుతుంటే, ముందుగా ఆ భాషతో పరిచయం చాలలేదని అనుకోవాలి. అయితే ఒక జాగ్రత్త ఉంది. తెలుగులో రాసినట్లే పలుకుతాము కాబట్టి, డిస్లెక్సియా ఉన్న బిడ్డ కూడా కొంతకాలానికి తప్పుల్లేకుండా చదవగలగవచ్చు, కాని కూడబలుక్కుంటూ, చాలా నెమ్మదిగా చదువుతాడు. ఇంగ్లీషు స్పెల్లింగుల దగ్గరికి వచ్చేసరికి అదే ఇబ్బంది పెద్దదై కనిపిస్తుంది. కాబట్టి తెలుగులో ఎంత సరిగా చదివాడన్నది మాత్రమే కాకుండా ఎంత వేగంగా చదివాడన్నదీ చూడండి.

ఏడో అడుగు: అనుమానం బలపడే గుర్తులు

మాటలు ఆలస్యంగా రావడం, తెలిసిన వస్తువు పేరు కూడా నోటికి వెంటనే అందకపోవడం, వారాల పేర్లు వరసగా చెప్పలేకపోవడం, ఏడాది పాటు నేర్పినా అక్షరానికి శబ్దం అతుక్కోకపోవడం, కథ వింటే చక్కగా అర్థం చేసుకుని ప్రశ్నలు వేసే బిడ్డ అదే కథను చదవమంటే కడుపునొప్పి అనడం, ఇవి కలిసి కనిపిస్తే అక్షరాలు తిరగబడకపోయినా సరే ఆలోచించాలి. కుటుంబ చరిత్రను కూడా అడగండి. తల్లికో తండ్రికో డిస్లెక్సియా ఉన్నప్పుడు పిల్లలకు వచ్చే అవకాశం సుమారు 40 నుంచి 60 శాతం అని చెబుతారు. మన వైపు దానికి ఆ పేరు ఉండదు. “వాళ్ల నాయనకూ చదువు అబ్బలేదు, పనిలో మాత్రం దిట్ట” అన్న నానమ్మ మాటలోనే ఆ చరిత్ర ఉంటుంది. తెలివితేటలకూ దీనికీ సంబంధం లేదని ఆ నానమ్మకు చెప్పవలసినది కూడా అప్పుడే.

అనుమానం కలిగితే నిర్ధారణ కోసం ఆగకండి. నేర్పే పద్ధతి ఎలాగూ ఒకటే: సరళమైన అక్షరాలతో మొదలుపెట్టి, ఒక్కొక్క గుణింతపు గుర్తునూ విడిగా స్థిరపరచి, ఒత్తులను చివరకు ఉంచి, ప్రతి అడుగులోనూ చూపునూ వినికిడినీ నోటినీ చేతినీ కలిపి, రోజూ అరగంట. మూడు నెలలు ఇలా చేసినా కదలిక లేకపోతే ఆ సంగతి నిపుణుడికి ఎంతో విలువైన సమాచారం.

ఎనిమిదో అడుగు: ఎక్కడికి వెళ్లాలి

మొదట తరగతి ఉపాధ్యాయులను, ప్రధానోపాధ్యాయులను కలవండి. ప్రభుత్వ వ్యవస్థలో సమగ్ర శిక్ష అనే బడి విద్యా పథకం కింద, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండల స్థాయిలో భవిత కేంద్రాలు ఉన్నాయి. అక్కడి సహిత విద్య ఉపాధ్యాయులను ఐఈఆర్‌పీలు అంటారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టిన నాటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లల చూపు, వినికిడి, అభ్యసన సమస్యలను పరిశీలించడానికి ఉద్దేశించినది; బడికి వచ్చే వైద్య బృందానికి మీ నోటు పుస్తకం చూపించమని ఉపాధ్యాయులను కోరండి. నెల్లూరులో దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ సీఆర్‌సీ ఉంది, మేధో వైకల్యం గలవారి కోసం సికింద్రాబాదులో ఉన్న జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ దానిని నడుపుతున్నది. బడుల సముదాయ కేంద్రాన్ని కూడా మన ఉపాధ్యాయులు సీఆర్‌సీ అనే అంటారు గనుక, అడిగేటప్పుడు దివ్యాంగుల సీఆర్‌సీ అని విడమరచి అడగండి, లేకపోతే మరొక బడికి వెళ్లి నిలబడతారు. నెల్లూరు నుంచి చెన్నై దగ్గరే కాబట్టి మద్రాస్ డిస్లెక్సియా అసోసియేషన్‌ను సంప్రదించే కుటుంబాలకు అదీ ఒక మార్గం.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి. డిస్లెక్సియా దాని కిందికే వస్తుంది. ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండిన తర్వాతే ఇస్తారు. 14 ఏళ్లకూ 18 ఏళ్లకూ మళ్లీ పరీక్షించుకోవాలి, 18 ఏళ్లకు ఇచ్చినది జీవితాంతం చెల్లుతుంది. అయిదేళ్ల బిడ్డకు డిస్లెక్సియా అని కాగితం రాసిచ్చి కోర్సు ఫీజు అడిగే వారిని అందుకే నమ్మవద్దంటున్నాను. ధ్రువపత్రం ఉన్న విద్యార్థికి పరీక్షల్లో లేఖకుడి సాయం, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం వంటి వెసులుబాట్లు ఉన్నాయి. పెళ్లిళ్లకు అడ్డువస్తుందని ఆడపిల్లలకు ఈ కాగితం తీసుకోని ఇళ్లు నాకు తెలుసు. పదో తరగతి పరీక్ష హాలులో ఆ పిల్ల ఒంటరిగా కూర్చుంటుందని వారికి అప్పుడు తోచదు.

బిడ్డను నిపుణుల దగ్గరికి పరీక్షకు తీసుకువెళ్లేటప్పుడు రెండు వారాల నోటు పుస్తకం, గత రెండేళ్ల బడి నోటు పుస్తకాలు ఒకటి రెండు, కళ్ల, చెవుల పరీక్షల చీటీలు తీసుకువెళ్లండి. మనస్తత్వ నిపుణులు తెలివితేటలనూ చదవడం, రాయడం, లెక్కలనూ విడివిడిగా పరీక్షిస్తారు కాబట్టి రెండు మూడు సార్లు వెళ్లవలసి రావచ్చు. బిడ్డకు కడుపునిండా టిఫిను పెట్టి, నిద్ర చాలిన రోజు చూసుకుని తీసుకువెళ్లండి. ఆసుపత్రి అంటే సూది అని భయపడే వయసు కనుక, అక్కడ సూది ఉండదనీ, బొమ్మలు చూపి ప్రశ్నలు అడుగుతారనీ, తెలియనివి తెలియవని చెప్పవచ్చనీ ముందు రోజు రాత్రే చెప్పండి.